ఆవు మేసిన అక్షరాలు

బంగ్లాదేశ్‌లోని బందర్‌బన్ నుంచి చింబుక్ కొండకి ఎక్కే పాత జీపుల్ని అక్కడివాళ్లు 'చాందేర్ గాడి' అంటారు. చందమామ బండి! వెనక రెండు బల్లలు, పట్టుకోడానికి ఇనప ఊచలు, అంతే. మలుపు తిరిగినప్పుడల్లా పొద్దున తిన్న పరోటా గొంతుదాకా వచ్చి వెళ్తూంటే ఆ పేరు ఎవరు పెట్టారో వాణ్ణి ఒకసారి చూడాలనిపించింది. నా పక్కన కూర్చున్న మ్రో తెగ కుర్రాడికి మాత్రం నిద్ర పట్టేసింది. చిట్టగాంగ్‌లో చదువుకుంటూ సెలవులకి ఇంటికి వెళ్తున్నాడు. అతని వెంట వెళ్లబట్టే నాకు ఆ ఊళ్లో చోటు దొరికింది. విదేశీయుణ్ణి కాబట్టి డిప్యూటీ కమిషనర్ ఆఫీసు అనుమతి తీసుకోవాలి, సైన్యం చెక్‌పోస్టుల దగ్గర దాని జిరాక్సులు ఇచ్చుకుంటూ పోవాలి.

అసలు నేను చూద్దామనుకున్నది సరిహద్దుకి ఆవలి వైపు. మయన్మార్‌లో కలదాన్ నది, దాని ఉపనదుల వెంట, రఖైన్ రాష్ట్రపు కొండల్లోనూ చిన్ రాష్ట్రంలోని పలెత్వా చుట్టుపక్కలా మ్రో-ఖిమీలనే జనం ఉన్నారు. మన దేశం కోల్‌కతా నుంచి సిత్వే రేవు మీదుగా మిజోరం దాకా వేస్తున్న దారి పోయేది ఆ పలెత్వా గుండానే. 2024 జనవరిలో ఆ పట్టణం అరాకాన్ ఆర్మీ అనే తిరుగుబాటు సైన్యం చేతికి వెళ్లింది. యుద్ధం జరుగుతున్న చోటికి యాత్రికుడు వెళ్లి చేసేదేం లేదు. అందుకని బంగ్లాదేశ్ వైపు నుంచి, అదే పేరు పెట్టుకున్న మనుషుల దగ్గరికి బయల్దేరాను.

"అటువైపు మ్రోలు మాట్లాడితే నీకు అర్థమవుతుందా?" అని అడిగాను కుర్రాడు నిద్ర లేచాక.

"లేదు దాదా. వాళ్ల మాట ఖుమీలకి దగ్గర. మాది వేరే" అన్నాడు.

పండితులు చెప్పేదీ అదే. మ్రో-ఖిమీల మాట కుకీ-చిన్ భాషల గుంపులో ఖుమీ పక్కన కూర్చుంటుంది. బందర్‌బన్ మ్రోల భాష ఆ గుంపులో ఇమడదు. జర్మన్ మానవశాస్త్రవేత్త లొరెంజ్ లోఫ్లర్ 1950లలో ఈ కొండల్లో ఉండి దాన్ని నేర్చుకున్నాడు. బర్మా భాషల పక్కన పెడదామంటే పూర్తిగా కుదరదు, కుకీ-చిన్ పక్కనా కుదరదు. ఇప్పుడు దాన్ని, చిన్ రాష్ట్రంలోని అను-ఖొంగ్సోతో కలిపి, టిబెటో-బర్మన్ కుటుంబంలో ఒక విడి శాఖగా చూస్తున్నారు. మయన్మార్ ప్రభుత్వపు 135 జాతుల జాబితాలో చూస్తే మ్రోలు రఖైన్ పద్దులో ఉంటారు. సర్కారు జాబితాకి భాషతో పనిలేదు.

పాడా అంటే ఊరు. మేం చేరిన పాడాలో పాతిక ఇళ్లు కూడా లేవు. అన్నీ కర్రల మీద నిలబెట్టిన వెదురు ఇళ్లే. మెట్లకింద పందులు, పైన వెదురు అరుగు మీద ఎండబెట్టిన మిరపకాయలు. ఊరి పెద్దని కార్బారీ అంటారు. ఆయన పైన మౌజాకి హెడ్‌మన్, అందరి పైన బందర్‌బన్‌లో ఉండే బొహ్మాంగ్ రాజు. బ్రిటిషువాళ్ల 1900 నాటి చట్టం ఈ మూడంచెల పద్ధతికి వేసిన ముద్ర ఇంకా చెరిగిపోలేదు. కార్బారీకి అరవై దాటి ఉంటాయి. జుట్టు ముడి వేసుకుని, చెవికి వెండి పోగు పెట్టుకుని, నా బెంగాలీ విని నవ్వాడు.

అన్నంలోకి వెదురు కొమ్ముల కూర, నాప్పి వేసిన మిరపకాయ పచ్చడి. నాప్పి అంటే పులియబెట్టిన చేపల, రొయ్యల ముద్ద. వాసనకి జడిసి వదిలేస్తే నష్టపోతారు. తింటూండగానే కార్బారీ పాతకథ మొదలెట్టాడు. వాళ్ల తాతముత్తాతలు అరాకాన్‌లో, అంటే ఇప్పటి రఖైన్‌లో ఉండేవాళ్లు. ఖుమీలతో పోరు వచ్చింది. ఖుమీలు గెలిచారు. వీళ్లు కొండలు దాటి పడమటికి వచ్చి సంగూ, మాతాముహురి నదుల పైకొండల్లో స్థిరపడ్డారు. ఎవరు తరిమారో వాళ్లు కూడా తర్వాత ఇటే వచ్చారు, రుమా, థాన్చీల వైపు ఖుమీ ఊళ్లున్నాయి. కార్బారీ గొంతులో పాత పగ ఏమీ లేదు. "మా వాడి క్లాసులో ఖుమీ పిల్లలున్నారు" అన్నాడు.

అరాకాన్ రాజుల గాథల్లో అక్కడి వైశాలి సింహాసనం మీద కూర్చున్న మ్రో నాయకుల ప్రస్తావన ఉంది. పదో శతాబ్దం నాటి సంగతిగా చెబుతారు. దాన్ని చూపించి ఒకప్పుడు మేమే రాజులం అనుకోవడం ఎవరికైనా బాగుంటుంది. నాకు మాత్రం కార్బారీ చెప్పిన ఓటమి కథే ఎక్కువ నమ్మబుద్ధయింది. ఓడిపోయామని తరతరాలుగా చెప్పుకునేవాళ్లకి అబద్ధమాడాల్సిన పనేముంది?

పేరుని నమ్ముకుంటే ఎంత మోసమో అలీకదమ్ వైపు రెంగ్‌మిత్చాలు తేల్చేస్తారు. వాళ్లు మ్రోల మధ్యే ఉంటారు, మ్రోలుగానే లెక్కకి వస్తారు, ఇళ్లలో మ్రో భాషే నడుస్తుంది. ముసలివాళ్ల నోట మిగిలిన సొంత మాట మాత్రం ఖుమీ జాతిది. భాషావేత్త డేవిడ్ పీటర్సన్ ఈ శతాబ్దంలో మళ్లీ వెతికి పట్టుకునేదాకా అది ఎప్పుడో పోయిందనే అనుకున్నారు. 2022 నాటికి మాట్లాడగలిగేవాళ్లు ఆరుగురే మిగిలారని బంగ్లా పత్రికలు రాశాయి.

సాయంత్రం చలి ముదిరింది. పొయ్యి చుట్టూ చేరాం. దేవుళ్ల సంగతి నేను అడక్కుండానే వచ్చింది. తొరాయ్ సృష్టికర్త. కొండకి సుంగ్‌తియాంగ్, నీటికి ఓరెంగ్. వీళ్లకి గుడి లేదు, పూజారి కులం లేదు. రోగం వచ్చినా జూమ్ (పోడు) పంట దెబ్బతిన్నా ఏ శక్తికి కోపం వచ్చిందో కనుక్కుని కోడినో పందినో ఇస్తారు. అంటురోగం వస్తే ఊరి దారికి వెదురు కంచె కట్టి, లోపలివాళ్లు బయటికి, బయటివాళ్లు లోపలికి పోకుండా ఆపేస్తారు. 2020లో కొవిడ్ కబురు అందగానే ఈ కొండల్లో చాలా మ్రో ఊళ్లు చేసింది ఇదే. ఎవరూ వచ్చి చెప్పక్కర్లేకపోయింది.

తర్వాత ఆవు కథ. తొరాయ్ ఒకరోజు అన్ని జాతుల్నీ పిలిచి తలా ఒక పుస్తకం పంచాడు. అందులో లిపి ఉంది, ధర్మం ఉంది. మ్రోలు జూమ్ పనుల్లో పడి వెళ్లలేదు. వాళ్ల వంతు పుస్తకం, ఆకుల మీద రాసింది, ఆవుకిచ్చి పంపాడు. దారిలో ఎండ, ఆకలి. ఆవు ఆ ఆకుల్ని మేసేసింది. అందుకే మ్రోలకి అక్షరం లేదు, మతగ్రంథం లేదు. అందుకే గోబలి. ఆవుని వెదురు పందిట్లో కట్టేసి, రాత్రంతా ప్లుంగ్ వాయిస్తూ చుట్టూ ఆడి, ఈటెతో పొడిచి, తప్పు చేసిన నాలుకని కోస్తారు. ప్లుంగ్ అంటే సొరబుర్రకి వెదురు గొట్టాలు దూర్చి చేసిన ఊదుడు వాయిద్యం. మనిషి కంటే పొడుగు గొట్టాలున్నవీ ఉంటాయి. 2020లో చింబుక్ మీద అయిదు నక్షత్రాల హోటల్ కడతామన్నప్పుడు మ్రోలు ఆ ప్లుంగ్‌లే ఊదుకుంటూ రోడ్డెక్కారు. జూమ్ భూములు పోతాయన్నది వాళ్ల గోడు.

గోవుని తల్లిగా కొలిచే ఊరి నుంచి వచ్చినవాడికి ఆ బలి మింగుడుపడేది కాదు. కానీ కథ విన్నాక నన్ను పట్టుకున్నది బలి కాదు, పుస్తకం లేని బాధ. అక్షరం తమకి రాకపోవడానికి కారణం వెతుక్కుని, దానికొక దోషిని పెట్టుకుని, ఏటేటా శిక్షిస్తున్నారంటే ఆ లోటు ఎంత లోతుగా తగిలిందో!

1980లలో ఆ లోటు తీర్చిన కుర్రాడు మెన్‌లే మ్రో. సువాలక్‌లో మ్రో పిల్లల కోసం పెట్టిన హాస్టలు బడిలో చదివాడు. సొంతంగా అక్షరాలు కూర్చాడు, వాటితోపాటు క్రమా అనే మతాన్నీ ఇచ్చాడు. తర్వాత తపస్సుకని కొండల్లోకి వెళ్లిపోయాడు. తిరిగి రాలేదు. నమ్మినవాళ్లు ఇంకా ఎదురుచూస్తున్నారు. ఈనాడు మ్రోలలో క్రమావాళ్లున్నారు, బౌద్ధులున్నారు, క్రైస్తవులున్నారు, తొరాయ్‌ని తప్ప ఇంకెవర్నీ ఎరగని పెద్దలున్నారు. కార్బారీ ఇంట్లోనే మూడు రకాలు. పెద్ద తగవేమీ కనిపించలేదు, బలి రోజు మాంసం ఎవరు తినాలన్న దగ్గర తప్ప.

కుర్రాడు టార్చి వెలుగులో నా నోటుపుస్తకంలో ఆ అక్షరాలు రాసి చూపించాడు. ముప్ఫై ఒక్క అక్షరం, పది అంకెలు. గుణింతం లేదు, ఒత్తుల్లేవు. అచ్చు అచ్చుగానే, హల్లు హల్లుగానే ఎడమ నుంచి కుడికి వరసగా నిలబడతాయి. 2014లో యూనికోడ్‌లోకి కూడా ఎక్కాయి.

నేను వాళ్లకి మా సవరల సంగతి చెప్పాను. మా శ్రీకాకుళం కొండల్లోనూ పోడు చేసే సవరలున్నారని, పర్లాకిమిడిలో ఉండి గిడుగు రామమూర్తి వాళ్ల భాష నేర్చి, తెలుగు అక్షరాల్లో వాచకాలు రాసి, 1931లో వ్యాకరణం తెచ్చాడని. అయినా 1936లో ఒడిశా వైపు సవర అయిన మంగేయి గొమాంగో తన వాళ్లకి సొంత లిపి కావాలని సొరాంగ్ సొంపెంగ్ చేశాడని. ఇరవై నాలుగు అక్షరాలు, ఒక్కో అక్షరానికి ఒక్కో దేవత, అక్షరబ్రహ్మ పేరుతో పూజ. గిడుగు అంతటివాడు ఇచ్చిన మంచి లిపి చేతిలో ఉండగా ఇదెందుకని నాకు చిన్నప్పటి నుంచీ అనుమానం. చింబుక్ చలిలో అది కాస్త తీరింది. మ్రోలకైనా సవరలకైనా కావలసింది రాసుకోడానికి సాధనం ఒక్కటే కాదు, దేవుడు తమ వంతుగా పంపిన పుస్తకం.

కుర్రాడు నా మాటల్ని మ్రోలోకి మార్చి చెబుతూంటే కార్బారీ శ్రద్ధగా విన్నాడు. పొయ్యిలో పుల్ల సర్ది, ఏదో అడిగాడు. కుర్రాడు పకపకా నవ్వి నా వైపు తిరిగాడు.

"దాదా, సవరల పుస్తకాన్ని ఎవరు తిన్నారని అడుగుతున్నాడు."