అంచనా చీటి

బోరుబావుల మోటారులను బాగుచేయుట మా వృత్తి. దేవరకొండ మొదలు కల్వకుర్తి వరకు, డిండి వాగునకు ఈవలావల నున్న పల్లెలలో తిరుగుచు ఈ పని చేయుచున్నాము. 2016లో జిల్లాలు విభజింపబడినప్పుడు దేవరకొండ నల్లగొండలోనే నిలిచెను, కల్వకుర్తి పాలమూరును విడిచి నాగర్‌కర్నూలులో చేరెను గాని, మా తిరుగుడు మాత్రము మారలేదు. ఆటో ట్రాలీలో మూడుకాళ్ల స్తంభము, గొలుసు కప్పీ, పానాలు, తీగచుట్టలు నుండును. మోటారును పైకి లాగుట మావారి పని. లెక్క వ్రాయుట మా పని.

సోదరీమణులు నవ్వరాదు గాని, ఈ రెంటిలో లెక్కయే కష్టము. మా ప్రాంతమంతయు నల్లరాతి నేల. రాతి పగుళ్లలో దొరకిన నీరే నీరు గనుక మోటారు రెండువందలు, మూడువందల అడుగుల లోతున వ్రేలాడుచుండును. స్టార్టరు పెట్టెయొద్ద మీటరు పెట్టి చూచినచో, వైద్యునికి నాడివలె, అది కొంత చెప్పును, అంతయు చెప్పదు. వైండింగు కాలినదో, కేబులు తెగినదో, లోపలి బుష్షు అరిగినదో మోటారు వాకిటికి వచ్చి విప్పబడినగాని నిశ్చయముగా తెలియదు. అయినను మేము ట్రాలీ దిగకమునుపే ఇంటి యిల్లాలు అడుగు మొదటి మాట "ఎంతైతది?" అనియే. అడుగుట న్యాయము. డబ్బాలో నెంత యున్నదో ఎరిగినది ఆమెయే గదా.

పూర్వము మేము నోటిమాటతోనే చెప్పెడివారము. ఒకచోట "ఏడెనిమిది వేలు" అంటిమి. మేము ఎనిమిదిని తలచితిమి, వారు ఏడును విన్నారు. పని ముగియునప్పటికి 9,200 రూపాయలైనది. ఇంటాయన కేకలువేసెను. ఆమె మాత్రము ఏమియు ననక లోనికిపోయి, ఏడువేలును, తన వెండి కడియములును తెచ్చి మంచముపై మాయెదుట పెట్టెను. మేము కడియములు ముట్టలేదు. మిగిలిన సొమ్ము పంటకు ఇత్తుమనిరి, ఇచ్చిరి కూడ. కాని ఆ ఇంటివారు మరల మమ్ము పిలువలేదు.

ఆ పిమ్మట చిన్న ముద్రణయంత్రమొకటి కొంటిమి. నెలనెల కరెంటు బిల్లు కొట్టువారి చేతిలోను, ఆర్టీసీ కండక్టరు మెడలోను మీరు చూచునట్టిదే. సెల్‌ఫోనులో లెక్క వేసినచో గడపయొద్దనే చీటి వచ్చును. మొదట అది ఇంగ్లీషున వచ్చెడిది. ఇల్లాండ్రు దానిని తిరగేసి చూచి మడిచి పెట్టుకొనిరి. మాకు సిగ్గు వేసెను. ఆ యంత్రమునకు తెలుగక్షరములు తెలియవు గనుక, చీటినంతయు ఫోనులో బొమ్మగా చేసి ముద్రించు ఉపాయము నేర్చుకొంటిమి.

ఇందులో సిరా లేదు. కాగితమునకే ఒక పూత యుండి, యంత్రపు వేడి తగిలినచోట నల్లబడును. మా పాలమూరు ఎండ సంగతి వేరే చెప్పవలెనా! ఒకాయన ట్రాక్టరు అద్దమువద్ద పెట్టిన చీటి కొలదిదినములలో తెల్లకాగితమైనది. ప్లాస్టికు సంచిలో దాచినను అక్షరములు మాయును. చీటి చేతికి రాగానే ఫోనుతో ఫోటో తీసికొనుట మేలు.

ఇక మాకు బుద్ధి చెప్పిన అవ్వ సంగతి. చీటిలో పదునైదు పైపులు, లాగి దించుటకు పైపునకు 200 చొప్పున 3,000, వైండింగునకు 5,500, వెరసి 8,500 అని వ్రాసితిమి. లోతు మూడువందల అడుగులని ఇంటివారే చెప్పిరి. పైపు ఇరువది అడుగులుండును. అవ్వ అరుగుమీద కూర్చుండి, పైపు పైకి వచ్చినప్పుడెల్ల ఒక చింతగింజ ప్రక్కకు పెట్టుచుండెను. "పదమూడే ఉన్నయి బిడ్డా. పదిహేనెందుకు రాసినవ్?" అనెను. 400 తగ్గించితిమి. పిదప మోటారు విప్పగా బుష్షు అరిగియున్నది, 1,300 ఎక్కువగునంటిమి. అవ్వ చీటిని మా ముఖమున కెదురుగా పట్టి, "గీ చీటిల గిది లేదు గద," అనెను.

నిజమే, లేదు. అవ్వ 8,100 ఇచ్చెను. బుష్షు మా ఖర్చున వేసితిమి. ఆ వారమే ట్రాలీ కిస్తు కట్టవలసి యుండెను. దారిపొడవున మావారు మాటాడలేదు. ఇల్లు చేరినపిదప, నోటిమాటయే నయము, ఎక్కువైనచో అడుగవచ్చునని వాదించిరి. మాకు మంచముమీది కడియములు జ్ఞాపకము వచ్చినవి. ఆ రాత్రి అన్నము సరిగా తినలేదు.

అప్పటినుండి రెండు చీటీలు. మొదటిది లాగుటకు, చూచుటకు మాత్రమే. రెండవదానికి ఒప్పుకొననిచో లాగిన కూలి తప్ప మరేమియు అడుగమని అందులోనే యుండును. మోటారు విప్పి, చెడిన వస్తువును ఇల్లాలి చేతిలో పెట్టి, రెండవ చీటి ఇత్తుము. ఇందువలన కొన్ని బేరములు పోయినవి. ఎవరో అంతయు ఆరువేలలో చేసెదమని చెప్పినచో జనులు అటే పోవుదురు. ఆ ఆరువేలు తుదకెంతయగునో మాకు తెలియును గాని, పరుల బేరమును నిందించుట మాకు తగదు.

చీటిలో జీఎస్టీ అని సొమ్ము కలిపియున్నచో, పదునైదు అక్షరముల నమోదు సంఖ్య యున్నదేమో చూడుడు. తెలంగాణలో అది 36తో మొదలగును. నమోదులేని మావంటివారు ఆ పన్ను వసూలు చేయరాదు. మరియు అంచనా చీటి రసీదు కాదు. సొమ్మిచ్చినపిదప రసీదు వేరుగా అడుగవలెను. ఇయ్యకుండుట 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము తప్పే.

మా పొట్టమీద కొట్టుకొనునదే యైనను మరియొకటి చెప్పెదము. కరెంటు వేళగానివేళ వచ్చు దినములలో పెట్టుకొన్న ఆటో స్టార్టరులు, 2018 జనవరి 1 నుండి సేద్యమునకు ఇరువదినాలుగు గంటల కరెంటు మొదలైనపిమ్మటను, చాల పొలములలో ఉండిపోయినవి. బోరులో నీరడుగంటినను మోటారు తనంతట తిరుగుచు కాలును. మాకు వచ్చు పనిలో చాలభాగము అదియే.

మరుసటి యేడు అవ్వ కబురు పంపెను. ఈమారు మొదటి చీటిలో పదమూడు పైపులనియే వ్రాసితిమి. అవ్వ మనుమరాలిచేత చదివించుకొని తల యూపెను. అయినను చింతగింజలు తెచ్చుకొని అరుగుమీద కూర్చుండెను.