బాంగ్ బువా కాలవ గట్టున వసూళ్ల ఆదివారం

బ్యాంకాక్‌లో దిగిన మనవాళ్లు చాలామంది నేరుగా పట్టాయా బస్సెక్కుతారు. నేను నగరం ఉత్తర కొసకు వెళ్లే స్కైట్రైన్ పట్టుకుని బాంగ్ బువా స్టేషన్‌లో దిగాను. పొదుపు సంఘాల గురించి, బస్తీ ఇళ్ల గురించి రాసేవాళ్లకు ఈ కాలవ పేరు కొత్త కాదు. 13 కిలోమీటర్ల పొడవున 12 బస్తీలు, దాదాపు 3,400 కుటుంబాలు. దగ్గర్లోనే ఉన్న శ్రీపతుం విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ చదివే కుర్రాడు నాకు దుబాసీగా వచ్చాడు. ఇక్కడి ఇళ్ల నమూనాలు గీయడంలో ఆ కళాశాల పిల్లల చెయ్యి కూడా ఉంది.

కాలవ నీళ్లు అద్దంలా ఉన్నాయని రాయను, నల్లగానే ఉన్నాయి. కంపు మాత్రం లేదు. గట్టు వెంట సిమెంటు బాట, బాట పక్కన రెండంతస్తుల చిన్న చిన్న ఇళ్లు, గుమ్మాల్లో పూలకుండీలు, స్కూటర్లు. ఒకప్పుడు ఈ ఇళ్లన్నీ నీళ్లమీదికి చొచ్చుకొచ్చి, కర్ర గుంజల మీద నిలబడి ఉండేవి. భూమి ప్రభుత్వ ఖజానా శాఖది. ఎవరి దగ్గరా కాగితం ముక్క లేదు. కాలవను పాడుచేసేది మీరే అన్న నింద, ఇవాళో రేపో ఖాళీ చేయిస్తారన్న బెదురు, అగ్గి అంటుకుంటే బస్తీ మొత్తం పోతుందన్న భయం. తరాలు ఇలాగే గడిచాయి.

2003లో థాయ్ ప్రభుత్వం ‘బాన్ మన్‌కోంగ్’ పథకం తెచ్చింది. స్థిరమైన నివాసం అన్నది దాని ఉద్దేశం. నడిపింది కోడీ అనే ప్రభుత్వ సంస్థ, దానికి అప్పట్లో ఆర్కిటెక్ట్ సోంసుక్ బూన్యబంచా సారథి. ఇందులో ఇల్లు కట్టి తాళాలిచ్చే పని ప్రభుత్వానిది కాదు. బస్తీవాళ్లు ముందు పొదుపు చెయ్యాలి, సహకార సంఘం పెట్టుకోవాలి, తమ ఇళ్లు తామే సర్వే చేసుకోవాలి. కావలసిన అప్పులో పదో వంతు పొదుపులో కనిపించాలి. అప్పుడు అప్పు వస్తుంది, అదీ మనిషికి కాదు, సంఘానికి. భూమి లీజు కూడా సంఘం పేరునే, 30 ఏళ్లకు. బజారు వడ్డీ కంటే బాగా తక్కువకు తెచ్చిన డబ్బు మీద సంఘం ఒకటి రెండు శాతం కలిపి సభ్యులకు ఇస్తుంది. ఆ తేడాతోనే సంఘం ఖర్చులు, ఎవరైనా వాయిదా తప్పితే సర్దుబాటు.

నేను వెళ్లింది వసూళ్ల ఆదివారం. సంఘం గదిలో గోడకు రాజుగారి ఫొటో, దానికింద తిరుగుతున్న టేబుల్ ఫ్యాను, బల్లమీద లెక్కల పుస్తకం ఎగిరిపోకుండా పెట్టిన చేప సాసు సీసా. కోశాధికారి అరవై దాటిన పెద్దావిడ. మిగతా రోజుల్లో బండిమీద పచ్చి బొప్పాయి సలాడ్ దంచి అమ్ముతుంది. ఆమె డబ్బు లెక్కపెట్టే తీరు చూసి తీరాలి. నోట్లు ఇచ్చినవాడు పైకి లెక్కపెడతాడు, ఆమె మళ్లీ లెక్కపెడుతుంది, పక్కన కూచున్న ఇంకొకావిడ మూడోసారి లెక్కపెట్టి పాస్ పుస్తకంలో సంతకం చేస్తుంది. ముప్ఫై ఏళ్ల ఇరుగుపొరుగు అయినా ఈ వరస తప్పదు. నమ్మకం లేకనా అని అడిగించాను. “నమ్మకం పోకుండా ఉండటానికి” అని తలెత్తకుండానే జవాబిచ్చింది.

కాసేపటికి గొడవ మొదలైంది. ఇళ్లను అయిదారేసి చొప్పున జట్లు కట్టారు, ఎవరి వాయిదాకు ఆ జట్టే పూచీ. ఒక కుర్రాడు సగం వాయిదాతోనే వచ్చాడు. జట్టు పెద్ద మోటార్‌సైకిల్ టాక్సీ నడిపే మనిషి, నారింజ రంగు చొక్కా ఇంకా విప్పలేదు. మెల్లగా మొదలెట్టిన వాడల్లా గొంతు పెంచాడు. కుర్రాడు నేల చూపులు చూశాడు. చివరికి జట్టులో ముగ్గురు మిగతా సగం వేశారు, అతని పేరు ఎదుట ఎర్ర సిరాతో గీత పడింది, కోశాధికారి అందరికీ ఎర్ర షర్బత్తు పోయించింది. పరస్పర సహకారం అని పుస్తకాల్లో చదువుతాం కదా, దగ్గర్నుంచి చూస్తే ఇలా ఉంటుంది: సగం మొహమాటం, సగం చీవాట్లు.

అన్నింటికంటే కష్టమైన తీర్మానం ఇళ్ల కొలతలదట. పాత బస్తీలో కొందరికి పెద్ద పెద్ద ఇళ్లు ఉండేవి, గదులు అద్దెకిచ్చేవారు. ఆ గదుల్లో ఇరవై ఏళ్లుగా అద్దెకున్నవాళ్లూ ఉన్నారు. కొత్త ప్లానులో ఇద్దరికీ ఒకే సైజు జాగా. జాగా పోగొట్టుకున్నవాళ్లు ఊరుకుంటారా? నెలల తరబడి మీటింగులు నడిచాయని దుబాసీ చెప్పాడు. ఆఖరుకు ఒప్పుకున్నది ఔదార్యంతో కాదు. అద్దెవాళ్లు లేకుండా సంఘానికి బలం రాదు, సంఘం లేకుండా లీజు రాదు. ఆ లెక్క తెలిశాకే సంతకాలు పడ్డాయి. ఏ తోడూ లేని ముసలివాళ్ల కోసం ఉమ్మడి ఇల్లు ఒకటి కట్టారు. దానికి పేరే ‘బాన్ క్లాంగ్’, నడిమి ఇల్లు.

ఇంతకీ వీళ్ల బతుకులు పైకి వచ్చాయా? ఇంటి నంబరు సంగతి చూస్తే వచ్చాయనే అనాలి. థాయ్‌లాండ్‌లో ఇంటి నమోదు పుస్తకం లేకపోతే సొంత కరెంటు మీటరు రాదు, నీళ్ల కనెక్షను రాదు, పిల్లల్ని బడిలో చేర్చడం దగ్గర్నుంచి ప్రతిదీ కష్టమే. ఇదివరకు పక్కింటివాళ్ల మీటరు నుంచి వైరు లాక్కుని అసలు రేటుకు కొన్ని రెట్లు కట్టేవారు. పేదవాడు ఎప్పుడూ ఎక్కువ ధరకే కొంటాడు. మీటరు తన పేరున వచ్చిన నెలే ఆ ఇంటికి ఆదాయం పెరిగినట్టు.

బొప్పాయి పెద్దావిడ సంఘంలో కోశాధికారి అయినా బయట చీటీ వేయడం మానలేదు. థాయ్‌వాళ్లు దాన్ని ‘షేర్’ అంటారు. అచ్చం మన చీటీ పాటే, అత్యవసరం ఉన్నవాడు ఎక్కువ వడ్డీకి పాడుకుంటాడు. చీటీ నిర్వాహకులు డబ్బుతో పరారయ్యే కథలు అక్కడా కొల్లలు. అందుకే 1991లో చట్టం చేశారు: ఒకరు మూడు చీటీలకు మించి నడపకూడదు, సభ్యులు మొత్తం ముప్ఫై దాటకూడదు. “సంఘం డబ్బు ఇంటికి, చీటీ డబ్బు బండికి” అంది ఆవిడ. రెండు జేబులు వేరువేరుగా పెట్టుకుంది.

పల్లెల్లో కథ కొంచెం వేరు. 2001లో తక్సిన్ ప్రభుత్వం ఊరికి పది లక్షల బాట్ చొప్పున 77 వేల పైచిలుకు గ్రామాలకు నిధి ఇచ్చింది. తాకట్టు లేదు, తోటివాళ్ల హామీ చాలు. ఊరు చిన్నదైనా పెద్దదైనా అదే పది లక్షలు, అందుకని నిధి ప్రభావాన్ని ఊరితో ఊరిని పోల్చి చూసే ఆర్థికవేత్తలకు పండగయింది. వాళ్లలో కబోస్కీ, టౌన్‌సెండ్ చూస్తే అప్పులు పెరిగాయి, ఇంటి ఖర్చు పెరిగింది, ఆస్తులు మాత్రం పెరగలేదు. అదే టౌన్‌సెండ్ సింథియా కినన్‌తో కలిసి 2012లో ఇంకో సంగతి బయటపెట్టాడు: బ్యాంకు మొహం చూడని కుటుంబం కూడా, బ్యాంకు అప్పు దొరికే కుటుంబంతో ఇచ్చిపుచ్చుకోవడాలు ఉంటే, గడ్డు రోజుల్ని వాళ్లలాగే దాటేస్తుంది. అయితే పెట్టుబడి పెట్టాలంటే మాత్రం ఊళ్లో రక్తసంబంధీకులు ఉండాలి. స్నేహం గండం గట్టెక్కిస్తుంది కానీ పెద్ద అడుగు వేయించడానికి చుట్టరికం కావాలన్నమాట. ఎక్కడెక్కడినుంచో వచ్చి గుంజల మీద ఇళ్లు వేసుకున్న కాలవ గట్టు జనానికి ఆ చుట్టరికం ఏ మాత్రం ఉంటుంది? దాని స్థానంలో వాళ్లు కాగితం మీద కట్టుకున్నదే ఈ సంఘం అని నాకనిపించింది.

అలాగని మరీ మురిసిపోనక్కర్లేదు. నెలనెలా కట్టలేని దినకూలీకి ఈ జట్టులో చోటు దొరకడం కష్టం. 2011 వరదల తర్వాత, బాంగ్ బువా దిగువన లాట్ ఫ్రావ్ కాలవ పొడవునా గట్టు గోడ కట్టాలని ప్రభుత్వం తలపెట్టి, 2016 నుంచి దాదాపు ఏడు వేల కుటుంబాలకు ఇదే పథకం చూపించింది. అక్కడ చేరమని మొండికేసినవాళ్లూ ఉన్నారు. ఇక్కడ జనం తమకు తాముగా కదిలారు, అక్కడ గోడ కోసం పైనుంచి తొందరపెట్టారు. పథకం ఒకటే అయినా ఫలితం ఒకటి కాలేదు. ఇంకో మాట: బాంగ్ బువాను గట్టెక్కించింది లోపలి కట్టుబాటు ఒక్కటే కాదు. విశ్వవిద్యాలయం, కోడీ, ఖజానా శాఖలో మాట వినే అధికారి. ఈ బయటి పరిచయాలు లేకపోతే ఎంత పొదుపు చేసినా లీజు కాగితం వచ్చేది కాదు.

ఇక మన హైదరాబాద్ సంగతి. 2024లో మూసీ ఒడ్డు ఇళ్ల మీద, తొలగించాల్సినవని గుర్తుగా, ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాశారు. అదే అక్టోబరులో తెలంగాణ నుంచి మంత్రులు, అధికారులు, విలేకరులు సియోల్ వెళ్లి అక్కడ బాగుచేసిన చొంగ్యేచోన్ వాగును చూసొచ్చారు. మళ్లీ అలాంటి బృందం బయల్దేరితే ఈసారి బ్యాంకాక్‌కు టికెట్టు తీయండి, హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది. మూసీ బస్తీల పొదుపు సంఘాల ఆడవాళ్లను ఇద్దరు ముగ్గురినైనా వెంటబెట్టుకెళ్లండి. ఆ లెక్కల పుస్తకం మనందరికంటే వాళ్లకే తొందరగా అర్థమవుతుంది.