సుబాచియస్ వీధి నుంచి బాక్ బొమ్మల దాకా

యూదుల ఊచకోత నుంచి బతికి బయటపడ్డ చిత్రకారుడు శామ్యూల్ బాక్. ఆయన బొమ్మల్లో నెత్తురు కనిపించదు. లిథువేనియా రాజధాని విల్నియస్‌లో ఆయన పేరిట ఉన్న మ్యూజియంలో గది తర్వాత గది తిరిగాను. శవాల గుట్టలు లేవు. పగిలిన బేరిపళ్లు, రెక్కలు విరిగిన దేవదూతలు, ఏ తలుపుకీ సరిపోని తాళంచెవులు, ముక్కలైన ధర్మశాసన ఫలకాలు ఉన్నాయి. రంగులేమో యూరప్ పాత ఉస్తాదుల బొమ్మల్లో ఉన్నంత నునుపుగా ఉంటాయి. ఒక బేరిపండు ముందు చాలాసేపు నిలబడిపోయాను. పండు రాతిలా గట్టిపడింది. చీలికల్ని ఎవరో అతికించబోయారు గానీ అంచులు కలవలేదు. ఆ అతుకుల్ని బాక్ దాచలేదు, వెలుగంతా వాటి మీదే పడేలా గీశారు.

1933లో ఆయన పుట్టేనాటికి ఈ ఊరు పోలండ్‌లో ఉండేది, పేరు విల్నో. సుమారు 60,000 మంది యూదులున్న ఈ నగరాన్ని లిథువేనియా జెరూసలేం అనేవారు. 1941లో నాజీ జర్మన్లు వచ్చారు, సెప్టెంబరులో యూదుల్ని గెట్టో అనే నిర్బంధ వాడలోకి తోసేశారు. బాక్, అతని తల్లి ఒక బెనెడిక్టిన్ మఠంలో తలదాచుకున్నారు. ఆ పిల్లవాడి చేతికి రంగులూ కాగితాలూ ఇచ్చింది అక్కడి సన్యాసిని మరియా. మఠంలోనూ ప్రమాదం ముంచుకొచ్చేసరికి తల్లీకొడుకులు మళ్లీ గెట్టోకే చేరారు. సుత్స్‌కెవర్, కచెర్గిన్‌స్కీ అనే ఇద్దరు యిద్దిష్ కవులు అక్కడ వాడి బొమ్మలు చూశారు. గెట్టోలో కాగితానికి కరువు. వాళ్లు యూదు సంఘం పాత దస్తరం, ‘పింకస్’, తెచ్చి ఖాళీ పుటల్లో గీసుకోమన్నారు. వాళ్ల చొరవతోనే గెట్టోలో బాక్ తొలి ప్రదర్శన జరిగింది. అప్పటికి వాడి వయసు 9 ఏళ్లు. రేపు బతికుంటామో లేదో తెలియని మనుషులు ఒక పిల్లవాడి బొమ్మలు గోడకు తగిలించి చూసుకున్నారు. ఆయన కథలో నన్ను బాగా కదిలించింది ఇదే.

రూద్‌నింకు వీధిలో గెట్టో ద్వారం ఉన్నచోట ఇప్పుడు దాని పటం చెక్కిన పలక ఒకటి ఉంది. పక్కనుంచే జనం వెళ్లిపోతుంటారు. సుబాచియస్ వీధి ఇంకొంచెం దూరం. పేద యూదుల కోసం కట్టిన రెండు పొడవాటి ఇళ్ల వరసలు అక్కడున్నాయి. 1943లో గెట్టోను ఖాళీ చేయించినప్పుడు జర్మన్ సైనిక వాహనాలు బాగుచేసే శిబిరాన్ని ఇక్కడ పెట్టారు. బాక్ కుటుంబం ఇక్కడే ఉండేది. 1944 మార్చి 27న పిల్లల్ని ఏరి పట్టుకుపోయారు. బాక్ మంచం కింద దాక్కున్నాడు. ఆ తర్వాత తండ్రి వాణ్ని రంపపు పొట్టు సంచిలో పెట్టి కిటికీలోంచి బయటికి జారవిడిచాడు. ఈ ఇళ్లలో నేటికీ జనం కాపురాలుంటున్నారు. బాల్కనీల్లో బట్టలు ఆరేసి ఉన్నాయి, ఆవరణలో చనిపోయినవారి స్మారకం ఉంది. ఆ కిటికీల్లో ఏదై ఉంటుందా అని ఒక్కొక్కటే చూస్తూ చాలాసేపు తిరిగాను.

కొడుకును దాటించిన తండ్రి మాత్రం దాటలేదు. సోవియట్ సైన్యం రావడానికి కొద్దిరోజుల ముందు, 1944 జులైలో, ఆయన్ని పొనార్ అడవిలో కాల్చేశారు. బాక్ తాతలూ అవ్వలూ నలుగురినీ అంతకుముందు అక్కడే చంపారు. పొనార్‌ను ఇప్పుడు పనేరియాయ్ అంటారు. విల్నియస్ నుంచి రైల్లో పది నిమిషాల దారి. స్టేషన్ దిగి కాసేపు నడిస్తే పైన్ చెట్ల మధ్య గుండ్రటి గోతులు, వాటి మీద గడ్డి. పదుల వేలమందిని ఇక్కడ చంపారు, ఎక్కువమంది యూదులే.

తల్లీకొడుకులు బతికి జర్మనీలోని శరణార్థి శిబిరానికి, 1948లో ఇజ్రాయెల్‌కు చేరారు. ఆపైన పారిస్, రోమ్, స్విట్జర్లాండ్, చివరికి అమెరికా. పుట్టిన ఊళ్లో బాక్ మళ్లీ అడుగుపెట్టింది 2001లో. తన బొమ్మలెన్నో ఆ ఊరికే ఇచ్చేశారు. 2017లో మ్యూజియం తెరిచారు.

ఈ బొమ్మల్ని అధివాస్తవిక కల్పనలంటే నేను ఒప్పుకోను. సుబాచియస్ వీధీ పొనార్ గోతులూ చూసినవాళ్లకు ఆ విరిగిన బేరిపండు కల్పన కాదు. మీరెవరైనా విల్నియస్ వెళ్తే కోటా చర్చీలతో సరిపెట్టుకోకండి. ముందు సుబాచియస్ వీధికి, తర్వాత పనేరియాయ్‌కి వెళ్లి, నౌగార్దుకో వీధిలోని బాక్ మ్యూజియాన్ని ఆఖర్న చూడండి.