అల్హందులిల్లాహ్ అన్న తర్వాత

"తబియత్ కైసీ హై?" అని ఎవరడిగినా నా నోటి నుంచి వచ్చేది ఒకటే మాట, "అల్హందులిల్లాహ్". అరవై ఏడేళ్ళ ఆదత్. ఆ మాట వెనక మనిషి దాక్కోవచ్చని కూడా ఈ మధ్యే తెలుసుకున్నాను.

నాది గుండె లయ తప్పే బీమారీ. డాక్టర్లు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోకుండా వణుకుతాయి. అక్కడ నిలిచిన ఖూన్ గడ్డకట్టి మెదడుకు చేరితే ఫాలిజ్, అంటే పక్షవాతం. రెండేళ్ళు మందులతో నెట్టుకొచ్చాను. చివరికి హైదరాబాద్‌లో అబ్లేషన్ చేయించుకోవాలన్నారు.

"ఛాతీ కొయ్యరు అబ్బా, భయపడకండి" అన్నాడు పెద్దబ్బాయి. గజ్జల్లోని నరం గుండా సన్నటి తీగల్ని గుండెదాకా పంపుతారు. ఊపిరితిత్తుల నుంచి గుండెకు రక్తం తెచ్చే సిరలున్నాయి కదా, లయ చెడగొట్టే కరెంటు చాలాసార్లు అక్కడే పుడుతుందట. 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డో డాక్టర్లు ఈ సంగతి చూపించారు. ఆ సిరల మొదళ్ళ చుట్టూ కాలిస్తే మచ్చ కట్టి, ఆ కరెంటుకు గోడలా అడ్డం నిలుస్తుంది. ఖర్చుకు వాడు దుకాణం మీద కర్జా తెచ్చాడు. ఆ సంగతి నాకు తెలియదనుకున్నాడు.

ఆ రాత్రి కాలు కదపకుండా వెల్లకిలా పడుకున్నాను. ఇంటికొచ్చాక తొడంతా వంకాయ రంగు, వారం తిరిగేసరికి పసుపు. బరువులెత్తొద్దు, గొంతుక్కూర్చోవద్దు, జ్వరమొచ్చినా మింగితే నొప్పెట్టినా వెంటనే రమ్మన్నారు. నమాజ్ కుర్చీ మీదే, సజ్దా ఇషారాతోనే. మస్జిద్‌లో వెనక కుర్చీల వరసను చూసి ఇన్నాళ్ళూ జాలిపడ్డవాణ్ణి నేను!

డాక్టర్ ఇజాజత్ ఇచ్చాక పన్నెండో రోజున నేల మీద సజ్దా చేశాను. నుదురు జానమాజ్‌కి తగలగానే కళ్ళు నిండాయి. ఇక పూర్తిగా బాగైపోయానని ఖాందాన్ అంతా ఫోన్లు చేసి చెప్పుకున్నాను.

మూడో వారంలో ఒక రోజు, ఫజర్‌కు ముందు, సంచిలో వేసిన కోడిపిల్లలా గుండె కొట్టుకోవడం మొదలెట్టింది. అదే పాత దడ. నాకు ముందు గుర్తొచ్చింది ప్రాణం కాదు, కొడుకు తెచ్చిన కర్జా. అంతా బర్బాద్ అయిపోయిందనుకున్నాను. కాసేపటికి వాడే ఫోన్ చేశాడు. "అబ్బా, తబియత్?"

"అల్హందులిల్లాహ్ బేటా."

నాలుగు రోజులు అదే జవాబు. పైగా, ఆపరేషనే పనిచేయనప్పుడు ఖూన్ పల్చబరిచే ఆ ఖరీదైన గోలీ మాత్రం ఎందుకని రెండు రోజులు మానేశాను.

జుమా రోజు నా ఖాలాజాద్ భాయ్ చూడ్డానికొచ్చాడు. హిజామా చేయించు, చెడు రక్తం పోతుందన్నాడు. నేను తలూపాను. వంటింట్లోంచి బేగం వచ్చింది. "ఖూన్ పల్చబడే గోలీ తినే మనిషికి గాట్లు పెడితే రక్తం ఆగుతుందా భాయ్‌సాబ్?" అని, ఎందుకో నా మందుల డబ్బా తెరిచి లెక్కపెట్టింది.

"క్యా జీ, నాలుగు గోలీలు ఎక్కువున్నాయే?"

నేను మాట్లాడలేదు. ఆమె ఫోన్ నా చేతిలో పెట్టింది. "మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

చెప్పాను. అటువైపు చాలాసేపు ఖామోషీ. తర్వాత కొడుకు గొంతు వణికింది. "పైసలు పోతే కమాయించుకుంటా అబ్బా. మీకు ఫాలిజ్ వస్తే నేనేం చేసుకోను?"

మర్నాడే ఈసీజీ తీశారు. డాక్టర్ కోప్పడింది దడ గురించి కాదు, గోలీ గురించి. మొదటి మూడు నెలల్లో ఇలా రావచ్చట. కాల్చిన చోట వాపు తగ్గాలి, మచ్చ గట్టిపడాలి. అప్పటిదాకా ఆపరేషన్ నాకామ్ అయిందని ఎవరూ అనకూడదు. లయ కుదిరినా సరే, నా వయసు, బీపీ చూస్తే ఆ గోలీ కొనసాగించాల్సిందేనన్నారు.

ఇప్పటికి ఐదు నెలలైంది. ఆ తర్వాత దడ రెండుసార్లు వచ్చి పోయింది. రెండు నెలలుగా రాలేదు. రేపటి సంగతి అల్లాహ్‌కే తెలుసు.

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు బాధ దాచుకోవడమే సబర్ అనిపిస్తుంది. పిల్లలకు బోజ్ కాకూడదనుకుంటాం. కానీ నేను దాచిన నాలుగు రోజులూ మోసిన బరువు, చివరికి వాడి నెత్తిన రెట్టింపై పడేదే కదా.

మొన్న వాడు మళ్ళీ అడిగాడు. "అల్హందులిల్లాహ్ బేటా" అన్నాను. అని ఆగలేదు. "రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు, మెట్లెక్కితే కాస్త దమ్ వస్తోంది, గోలీ మాత్రం వేసుకున్నా" అని కూడా చెప్పాను.

"శుక్రియా అబ్బా" అన్నాడు.