దారి ప్రక్కని ఫలకములు

మహాపురుషులు పుట్టి పెరిగిన చోట్లను కన్నులార చూడవలెనను కోరిక జనులకు సహజము. అట్టి చోట నొక రాతిని నిలిపి, దానిపై నాలుగు పంక్తులు చెక్కించుట అన్ని దేశములలోను గల ఆచారమే. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ ఆచారము దారుల వెంట విరివిగా కనబడును. అందలి కెంటకీ రాష్ట్రములో 1949లో ఆరంభమైన ఏర్పాటు ననుసరించి రోడ్ల ప్రక్కన రెండువేల నాలుగువందలకు పైగా లోహ ఫలకములు వెలసినవి. ఒక స్తంభము, దానిపై నొక పలక, పలకపై శీర్షికయు కొన్ని పంక్తులును మాత్రమే ఉండును. బండి నాపి దిగి చదువుటకు రెండు నిమిషములు చాలును.

వీనిలో కొన్ని అబ్రహాము లింకను బాల్యమును గురించినవి. ఆయన అమెరికా దేశపు 16వ అధ్యక్షుడు. 1861 మొదలు 1865 వరకు సాగిన అంతర్యుద్ధములో దేశము రెండుగా చీలిపోకుండ కాపాడి, బానిసత్వము తొలగుటకు ముఖ్య కారకుడైనవాడు. ఆయన బాల్యము కెంటకీలో ఏడేండ్లును, పొరుగున గల ఇండియానాలో పదునాలుగేండ్లును గడచినది. యాత్రికుడు ఆ ఫలకములను వరుసగా చదువుకొనుచు పోయినచో ఒక విషయము తెలియవచ్చును. దేశము నేడు భక్తితో గుర్తుపెట్టిన ఆ చోట్లన్నియు లింకను కుటుంబము ఒకనాడు విడిచిపోయిన చోట్లే.

కథ లింకను పుట్టుకకు పూర్వమే మొదలగును. లూయీవిల్ నగరమునకు తూర్పున లాంగ్ రన్ అను వాగు కలదు. ఆ ప్రాంతముననే 1786లో ఆయన తాతగారు, పేరు అబ్రహాము లింకనే, పొలములో పనిచేయుచుండగా ఆదిమ జాతివారి చేత చంపబడెను. అది అంతకు పూర్వము ఆ జాతులు వేటాడుకొన్న నేల. దానికొరకు ఇరు పక్షములవారును రక్తము చిందించిరి. చనిపోయినవాని కడపటి కుమారుడు థామసు అప్పటికి పసివాడు. నాటి చట్టము ప్రకారము ఆస్తి పెద్ద కుమారునికి పోయెను. థామసు చదువు లేక, కూలి చేసికొనుచు, ఊరూర తిరిగి పెరిగెను. అతడే లింకను తండ్రి.

అచ్చటి నుండి దక్షిణముగా పోగా హాడ్జెన్‌విల్ అను చిన్న పట్టణము వచ్చును. దానికి మూడు మైళ్ల దూరమున ఒక గుంటలో రాతి పొరల నడుమ నీరు ఊరి, మరల భూమిలోనికే ఇంకిపోవుచుండును. థామసు 1808 డిసెంబరులో ఆ ఊట గల భూమిని, సుమారు 300 ఎకరములను, 200 డాలర్లకు కొనెను. అక్కడి దుంగల యింటిలో 1809 ఫిబ్రవరి 12వ తేదీన అబ్రహాము జన్మించెను.

నేడు అక్కడ గ్రీకు దేవాలయమును బోలిన రాతి కట్టడము కనబడును. 1909లో, లింకను పుట్టి నూరేండ్లు నిండిన దినమున, అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు దానికి శంకుస్థాపన చేసెను. లింకను జీవించిన ఏండ్లకు గుర్తుగా దానికి 56 మెట్లు కట్టిరి. లోపల ఒక చిన్న దుంగల యిల్లు పదిలపరచబడి యున్నది. లింకను పుట్టిన యిల్లు అదియే యని చాలకాలము జనులు నమ్మిరి. కాని చెట్టు ఏటేట పెరిగిన కొలది దాని మ్రానులో వలయము లేర్పడును. ఆ వలయములను బట్టి కొయ్య వయస్సును లెక్కింపవచ్చును. 2004లో అట్లు పరీక్షింపగా, ఆ దుంగలు 1840లకు పూర్వపువి కావని తేలెను. పుట్టుక నాటికి నిజముగా నుండిన పెద్ద ఓకు చెట్టొకటి ఆ పొలపు సరిహద్దున నిలిచి యుండెను. అదియు 1976లో ఎండిపోయెను. ఇక మిగిలినది ఊట ఒక్కటే.

ఆ పొలము థామసుకు దక్కలేదు. కెంటకీలో భూములను సరిగా కొలిచినవారు లేరు. ఒకే భూమిని పలువురు తమదనిరి. హక్కు వివాదము పుట్టగా 1811లో కుటుంబము పది మైళ్ల దూరమున నున్న నాబ్ క్రీక్ అను వాగు ఒడ్డునకు మారెను. లింకనుకు ఊహ తెలిసినది అక్కడనే. అధ్యక్షుడైన పిమ్మట కూడ ఆయన ఆ చోటి సంగతి యొకటి చెప్పెడివాడు. తక్కిన పిల్లలు మొక్కజొన్న నాటుచుండగా, చిన్నవాడైన తాను చాలు విడిచి చాలున గుమ్మడి గింజలు వేసెనట. మరునాడు కొండలలో పెద్దవాన కురిసి, వాగు పొంగి, గింజలను, మొక్కజొన్నను, పైమట్టిని కూడ ఊడ్చుకొనిపోయెనట.

ఆ పొలము ప్రక్కనుండియే లూయీవిల్ నుండి నాష్‌విల్‌కు పోవు పాత బాట సాగెను. నేటి 31-ఇ రోడ్డు దాని జాడననుసరించియే పోవుచున్నది. ఆ బాటను వర్తకులు పోయెడివారు. వలస కుటుంబములు పోయెడివి. బానిసలను తోలుకొని పోవువారును పోయెడివారు. కెంటకీలో బానిసత్వము నాడు చట్టసమ్మతము. లింకను తల్లిదండ్రులు చేరిన చిన్న క్రైస్తవ సంఘము దానిని నిరసించినది. ఐదారేండ్ల బాలుడు వాకిట నిలిచి ఆ బాటలో ఏమి చూచెనో, ఏమనుకొనెనో ఏ ఫలకమును చెప్పజాలదు.

నాబ్ క్రీక్ భూమికిని వివాదము వచ్చెను. 1816 డిసెంబరులో థామసు భార్యాబిడ్డలతో ఒహైయో నది దాటి ఇండియానా చేరెను. అక్కడ భూమిని ప్రభుత్వమే కొలిచి అమ్ముచుండెను, బానిసత్వము నిషిద్ధము. ఈ వలసకు బానిసత్వము కొంత కారణమనియు, భూమి హక్కుల చిక్కు ముఖ్య కారణమనియు లింకను తరువాత వ్రాసెను. తన తండ్రిని బానిసత్వమునకు గొప్ప శత్రువుగా చిత్రించుట ఆయనకు సులభమే. కాని ఆయన ఉన్నదున్నట్లు వ్రాసెను.

ఇండియానాలో అది ఎలుగుబంట్లు తిరుగు దట్టమైన అడవి. ఎనిమిదేండ్ల బాలుని చేతికి గొడ్డలి వచ్చెను. రెండేండ్లు తిరుగక మునుపే ఒక వింత జబ్బు ఆ ప్రాంతమును కమ్మెను. అడవిలో తెల్లని పూలు పూయు నొక విషపు మొక్కను ఆవులు మేయగా, ఆ పాలు త్రాగినవారు మరణించుచుండిరి. కారణమేమో నాడు వైద్యులకును తెలియదు. 20వ శతాబ్దిలో గాని అది శాస్త్రరీత్యా నిర్ధారణ కాలేదు. 1818 అక్టోబరు 5న లింకను తల్లి నాన్సీ ఆ జబ్బుతో కన్నుమూసెను. తండ్రి పలకలు కోసి పెట్టె చేయగా, తొమ్మిదేండ్ల కుమారుడు దానికి కొయ్య మేకులు చెక్కెనని చెప్పుదురు.

మరుసటి ఏడు థామసు కెంటకీకి పోయి సారా అను వితంతువును వివాహమాడి తెచ్చెను. ఆ సవతి తల్లి తల్లిలేని పిల్లలను కడుపున పుట్టినవారివలె చూచెను. బాలుని చదువునకు అడ్డురాక ప్రోత్సహించెను. బడిలో ఆయన గడపిన కాలమంతయు కలిపి ఒక ఏడాదికి మించదు. ఎరువు తెచ్చిన పుస్తకమొకటి వానకు తడిసి పాడుకాగా, దాని వెల క్రింద కొన్ని దినములు పొలములో పనిచేసి ఋణము తీర్చుకొనెను. 1828లో అక్క సారాయు ప్రసవ సమయమున మరణించెను. 1830లో కుటుంబము మరల బండి కట్టుకొని ఇల్లినాయి రాష్ట్రమునకు తరలెను.

ఇప్పుడా ఇండియానా భూమి జాతీయ స్మారక క్షేత్రము. యాత్రికులు నాన్సీ సమాధిని చూచి, లింకను జీవితముతో సంబంధము గల పండ్రెండు చోట్ల నుండి తెచ్చిన పండ్రెండు రాళ్లు నిలిపిన బాటలో నడచుదురు. కాని ఆ చోట్లకు ఇందరికంటె ముందు వచ్చిన యాత్రికుడు లింకనే. 1844లో, తాను విడిచిన పదునాలుగేండ్లకు, ముప్పదియైదేండ్ల న్యాయవాదిగా ఎన్నికల ఉపన్యాసములిచ్చుచు ఆయన ఆ వైపు వచ్చెను. తల్లియు అక్కయు మట్టిలో కలసిన చోటును చూచెను. నాడు దారి ప్రక్క ఫలకము లేదు. తల్లి సమాధిపై నేడున్న రాయి నిలిచినది 1879లో. అప్పటికి లింకను మరణించి పదునాలుగేండ్లాయెను. గుర్తు లేకున్నను చోటు ఆయనకు తెలియును. ఆ నేల చూపునకు అందమైనది కాకున్నను తనలో భావములు రేపినదని తలచి, తరువాత దానిని గురించి పద్యములు వ్రాసెను.

ఫలకము పేరును, తేదీని చెప్పును. అంతకు మించి చెప్పుట దానికి సాధ్యము కాదు. దక్కని పొలము, కొట్టుకొనిపోయిన గింజలు, కారణము తెలియని జబ్బు, కొయ్య మేకులు చెక్కిన చిన్న చేతులు, ఇవి చదువరి తన మనస్సులో నింపుకొనవలసినవి. హాడ్జెన్‌విల్ కడ రాతి ఆలయమును చేరుటకు మెట్లు ఎక్కవలెను. ఊటను చేరుటకు మెట్లు దిగవలెను. దిగి చూచినవారికి, పసివాని గొంతు తడిపిన ఆ నీరు చీకటి రాళ్ల నడుమ నేటికిని ఊరుచునే కనబడును.