మోటారు ఆగిన ఇల్లు

ఎప్పుడైనా గమనించారా? పల్లెల్లో బోరు మోటార్లు ఎక్కువగా కాలేది ఏప్రిల్, మే నెలల్లోనే. పెళ్లిళ్లు, పిల్లల సెలవులు, ఇంటినిండా చుట్టాలు ఉండే రోజులవి. దానికి కారణం ఉందండీ. ఎండలు ముదిరేకొద్దీ కరెంటు వాడకం పెరిగి వోల్టేజీ పడిపోతుంది. వోల్టేజీ తగ్గితే మోటారు ఎక్కువ కరెంటు లాక్కుని వేడెక్కుతుంది. సరిగ్గా అప్పుడే బోర్లో నీళ్లూ అడుగంటుతాయి. సబ్‌మెర్సిబుల్ మోటారును చల్లబరిచేది చుట్టూ ఉన్న నీళ్లే. అవీ తగ్గాక పాపం అది ఎంతసేపని తిరుగుతుంది?

సరే, పొద్దున్నే స్విచ్చి వేశారు, నీళ్లు రాలేదు. వెంటనే కాలిపోయిందని గాబరా పడకండి. ముందు స్టార్టరు పెట్టె మీద మీటర్లు చూడండి. సింగిల్ ఫేజ్ మోటారుకు 230 దగ్గర ఉండాల్సిన వోల్టేజీ ముల్లు 170 దగ్గర కొట్టుకుంటుంటే మోటారు జోలికే పోవద్దు, కరెంటు కుదురుకునేదాకా ఆగండి. వోల్టేజీ బాగానే ఉన్నా మోటారు మూలిగి ఆగిపోతోందా? సింగిల్ ఫేజ్ మోటారైతే చాలాసార్లు పోయేది కెపాసిటరే. పెట్టెలోనే ఉంటుంది, కొన్ని వందల రూపాయలతో తేలిపోతుంది. కానీ మెయిన్ ఆపేశాక కూడా దాన్లో కరెంటు నిలవ ఉంటుంది; మెకానిక్కు చేతే మార్పించండి. మోటారు తిరుగుతున్నా నీళ్లు రాక, ఆంపియర్ల ముల్లు రోజూ ఉండేచోటికి బాగా కింద నిలిస్తే, బోర్లో నీళ్లు దిగిపోయి ఉంటాయి. తక్షణం ఆపేయండి. స్విచ్చి వేయగానే ట్రిప్పవుతుంటే మాత్రం మళ్లీ మళ్లీ నొక్కొద్దు. వైండింగో, కేబులో దెబ్బతిని ఉండొచ్చు.

అప్పుడిక మోటారు పైకి లాగక తప్పదు. 200 అడుగుల్లో దించిన మోటారంటే, 20 అడుగుల ఇనప పైపులు పది విప్పాలి. చైన్ పుల్లీ కావాలి, నలుగురు మనుషులు కావాలి. దించిన రోజున మోటారుకు నైలాన్ తాడు కట్టారో లేదో ఇక్కడే బయటపడుతుంది. తాడు లేకుండా పైపు జాయింటు ఊడిందా, మోటారు బోర్లోకి జారిపోతుంది. అది పైకి రాకపోతే బోరు కూడా పోయినట్టే. అందుకే కొత్త మోటారు దించేటప్పుడు దగ్గరుండి తాడు కట్టించండి.

ఇదంతా అయ్యేసరికి ఎన్ని రోజులు పడుతుందో ఎవరు చెప్పగలరు? ఎండాకాలంలో మెకానిక్కు కోసం ఊరంతా ఎదురుచూస్తూంటుంది. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు కావాలని లెక్క కట్టింది. అయిదుగురున్న ఇంటికి 275 లీటర్లన్నమాట. పాడిగేదె ఉంటే దాని కుడితికీ, కడగడానికీ వేరే. పక్కింటివాళ్లు కాదనకుండా పైపు వేయనిస్తారు, అది మన పల్లెల మంచితనం. కానీ వాళ్ల బోరుకూ అదే ఎండ, అదే వోల్టేజీ.

అందుకే నేను గట్టిగా చెప్పేదొక్కటే: బోరు పడిందని పాత బావిని పూడ్చకండి. ఎన్నో ఊళ్లలో చెత్తకుండీలుగా మారిపోయిన బావుల్ని చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. నీళ్లున్న బావికి గిలక, చేంతాడు, బొక్కెన ఉంటే చాలు, కరెంటుతో పనిలేదు. పైన ఇనప జాలీ వేయిస్తే పిల్లలకు భయం లేదు. తాగాలంటే ఆ నీళ్లు కాచి చల్లార్చుకోండి. పూడిక తీయించాల్సి వస్తే మాత్రం పని తెలిసినవాళ్లనే పిలవండి. వాడని బావిలో విషవాయువు ఉండొచ్చు, అది దిగినవాళ్ల ప్రాణాలు తీస్తుంది. బావి లేని వీధిలో చేతి బోరింగు ఉంటుంది కదా, దాన్నీ వదిలేయకండి. 1970లలో మన దేశంలోనే తయారైన ఇండియా మార్క్-2 పంపు 150 అడుగుల లోతు నుంచి కూడా నీళ్లు తేగలదు. వాషర్లు అరిగితే పంచాయతీవాళ్లను అడిగి వేయించుకోండి.

ఇంటికి రెండో నీటిదారి ఉండి తీరాలండీ. ఎండలు రాకముందే, ఈ సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడే, మీ బావి గిలకకు కాస్త నూనె వేయండి.