సాగరం దాటే స్వరం: మా అండమాన్ యాత్ర

విశాఖపట్నానికి ఆగ్నేయంగా 1,200 కిలోమీటర్లకు పైగా దూరంలో, బంగాళాఖాతపు నీలిమ నడుమ వెలసిన పట్టణం పోర్ట్ బ్లెయిర్. 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం దీనికి శ్రీ విజయపురం అని నామకరణం చేసినది. ఎల్.టి.సి. సౌకర్యాన్ని వినియోగించుకొని మా విభాగానికి చెందిన నాలుగు కుటుంబాలవారం ఓడ మీద ఈ పట్టణాన్ని చేరుకొన్నాము. తీరం కనుమరుగైన కొద్దిసేపటికే మా సెల్‌ఫోన్లు మూగవోయాయి. ఇంటి వద్దనున్న పెద్దలకు క్షేమ సమాచారం చెప్పే మార్గం లేని రెండు రోజుల ప్రయాణంలో దూరమంటే ఏమిటో మాకు తెలిసివచ్చినది.

సెల్యులార్ జైలును దర్శించినపుడు ఆ భావం మరింత గాఢమైనది. 1896లో ప్రారంభమై 1906లో పూర్తయిన ఈ కారాగారంలో 693 ఏకాంత కొట్లు ఉండేవి. ఒక వరుస కొట్ల ముఖద్వారాలు తరువాతి వరుస వెనుక గోడను చూసేలా నిర్మించారు. ఖైదీకి ఖైదీ ముఖం కనబడదు, మాట వినబడదు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి గారు ఇక్కడ నిర్బంధంలో గడిపినవారే. మనిషికి మాట అందకుండా చేయడమే ఇక్కడి శిక్షలన్నింటిలో క్రూరమైనదని మాకు తోచినది.

అబర్డీన్ బజారులో మాత్రం అడుగడుగునా తెలుగు మాటలు వినవచ్చాయి. ఇక్కడ స్థిరపడిన తెలుగువారిలో శ్రీకాకుళం ప్రాంతీయులు అనేకులు. 2004 డిసెంబరు 26 ఉదయం సంభవించిన సునామీని ఒక దుకాణదారు మాకు వివరిస్తూ, "మేం బతికే ఉన్నామని ఊళ్ళో అమ్మకి తెలియడానికి నాలుగు రోజులు పట్టిందండీ" అన్నారు. ఆ నెలలో హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన శ్రీమతి భారతీ ప్రసాద్ గారి బృందం ప్రత్యేకానుమతిపై ఇక్కడికి వచ్చి ఉండినది. సాధారణ సంబంధాలు తెగిపోయిన ఆ దినాలలో ఎందరి క్షేమ సమాచారాలనో వారి రేడియోలు ప్రధాన భూభాగానికి చేరవేశాయి. 2020 ఆగస్టులో చెన్నై నుండి సముద్రగర్భ కేబుల్ ప్రారంభమై దీవుల అవస్థ ఎంతో తీరినది. అయినను తీగ తెగితే, టవరు కూలితే మిగిలే దారి ఆకాశమే.

మాలో ఒకరు అమెచ్యూర్ రేడియో లైసెన్సు గలవారు. ఇక్కడి నుండి ప్రసారానికి వేరే అనుమతి కావాలి గనుక, వారి చిన్న రిసీవరుతో ఒక సాయంత్రం వినడానికే పరిమితమయ్యాము. దూరదేశాల గొంతులు అలల వలె ఉబికి, అంతలోనే అణగిపోతున్నాయి. దీనినే ఫేడింగ్ అంటారు. భూమికి వందల కిలోమీటర్ల ఎత్తున ఉన్న అయనావరణం నుండి ఒకే సంకేతం వేర్వేరు దారులలో, ఒకటి రెండు మిల్లీసెకన్ల తేడాతో దిగివస్తుంది. ఆ తరంగాలు కలిస్తే స్వరం బలపడుతుంది. ఒకదాని నొకటి కొట్టివేస్తే క్షీణిస్తుంది. పైగా ఈ దీవులు భూ అయస్కాంత మధ్యరేఖకు చేరువలో ఉన్నాయి. 1963లో తుంబాలో రాకెట్ కేంద్రం వెలసినది ఆ రేఖ సామీప్యం వల్లనే. ఈ మండలంలో సూర్యాస్తమయానంతరం అయనావరణంలో బుడగల వంటి అలజడులు లేచి సంకేతాలను వణికిస్తాయి.

మామూలు ప్రసారంలో మాట సగం వినబడినా మన చెవి మిగతా సగాన్ని ఊహించుకొంటుంది. డిజిటల్ స్వరానికి ఆ వెసులుబాటు లేదు. కొంత హద్దు దాటితే ఒక్కసారిగా తెగిపోతుంది. ఈ సమస్యపై ఆస్ట్రేలియాలోని ఎడిలైడ్ నగరవాసి డేవిడ్ రోవ్ ఏళ్ళ తరబడి కృషి చేశారు. టెలిఫోను ఎక్స్ఛేంజి సెకనుకు 64,000 బిట్లలో పంపే స్వరాన్ని ఆయన రూపొందించిన కోడెక్ 2 కేవలం 700 బిట్లలోకి కుదించగలదు. ఆ మిగులుబాటునే రక్షణకు వినియోగించారు. ఫ్రీడీవీలోని 700సి పద్ధతిలో ఏడు వాహకతరంగాల సమాచారాన్నే మరో ఏడింటిపై తిరిగి పంపుతారు. ఒక పౌనఃపున్యం క్షీణించినా మరొకటి నిలుస్తుందని ఆశ. 2018 నాటి 700డి పద్ధతిలో ప్రతి సమాచార బిట్టుకు ఒక రక్షక బిట్టును జోడించారు. అయితే దాని ఫ్రేము 160 మిల్లీసెకన్ల నిడివి గలది. సంకేతం వేగంగా వణికే దారులకు తగినట్లు, తరువాత వచ్చిన 700ఇలో ఆ నిడివిని సగానికి తగ్గించారు. బలహీన సంకేతాన్ని పట్టే శక్తి ఇందులో కొంత తగ్గినది. ఒకటి పొందాలంటే మరొకటి వదులుకోవలసినదే.

2024లో వెలువడిన రేడియో ఆటోఎన్‌కోడర్ మరో మార్గం పట్టినది. ఫేడింగ్‌కు గురైన సంకేతాల నమూనాలతో న్యూరల్ నెట్‌వర్కుకు ముందే శిక్షణ ఇస్తారు. దారిలో ఎదురయ్యే దెబ్బలను తట్టుకొనే విధంగా స్వరాన్ని మలచడం అదే నేర్చుకొంటుంది. సంకేతం రొద కంటె బలహీనమైనపుడు సైతం మాట స్పష్టంగా వినబడుతుంది. ఆ సాయంత్రం మా మిత్రుని లాప్‌టాప్ ద్వారా అట్టి ఒక స్వరం పక్క గదిలో మాట్లాడుతున్నంత నిర్మలంగా వినవచ్చినది. రిసీవరులో మాత్రం అది వట్టి జలపాత ఘోష!

సంకేతం పూర్తిగా అడుగంటితే ఏ విద్యా దానిని సృష్టించలేదు. కంప్యూటరు, విద్యుత్తు లేనిచోట సామాన్య రేడియో, మోర్స్ కోడ్ ఇప్పటికీ ఆపద్బాంధవులే. అయితే మన సంస్థలో నిత్యం యంత్రాల రొద మధ్య పనిచేసే మనకు, నష్టం తప్పదని ముందే ఎరిగి, దానికి తగిన ఏర్పాటు చేసుకొనే ఈ పద్ధతి ఎంతో ఆదర్శప్రాయం. అండమాన్‌కు వెళ్ళదలచిన సహోద్యోగులు నీలి సాగరాన్ని, పగడపు దిబ్బలను తప్పక చూడండి. వీలైతే ఒక సాయంత్రం చిన్న రేడియోతో ఆ ఆకాశాన్ని కూడా వినండి.